మాడుచెక్క

బాలత్రిపురసుందరి చెయ్యి పడ్డ గిన్నె అడుగంటిన దాఖలా లేదు. ఈ మాట ఆవిడ తనంతట తాను చెప్పుకోదు. ఎదుటివాళ్లు చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలదు, అంతే తేడా.

లాల్‌దర్వాజాలో మహంకాళి గుడి వెనక సందులో రంగనాయకమ్మ ఇల్లు. పాతకాలపు కట్టడం, నడుమ వాకిలి, చుట్టూ ఆరు వాటాలు. సుందరి భర్త వీరరాఘవరావు నీటిపారుదల శాఖలో గుమాస్తా. కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చి ఆ ఇంటి వెనక వాటాలో దిగి పద్దెనిమిదేళ్లయింది. దిగిన రెండో ఏడే సుందరి ఆ ఇంటి కార్తీక వనభోజనాలకు వంటపెద్ద అయిపోయింది. ఎవరూ ఎన్నుకోలేదు. ఆ ఏడు పులిహోర కలపబోయి ఎవరో తడబడితే, "ఇటివ్వండి" అని తెడ్డు అందుకుంది. మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాతి ఏటికి పుట్టింటి నుంచి సొంత తెడ్డే తెచ్చుకుంది. టేకుకర్రది, రెండు మూరల పొడుగు. వాడాక కడిగి, కొబ్బరినూనె రాసి, పాత పంచెగుడ్డ చుట్టి బియ్యం డబ్బా వెనక పెడుతుంది. వీరరాఘవరావు కళ్లజోడుకి కూడా ఆ ఇంట్లో అంత భోగం లేదు.

ఏటా కార్తీకంలో ఒక ఆదివారం ఆరు వాటాలవాళ్లూ చుట్టాలతో సహా వ్యానెక్కి చాంద్రాయణగుట్ట దాటాక బాబురావు అనే తెలిసినాయన తోటకు పోతారు. ఉసిరిచెట్టు కింద పూజ, మామిడిచెట్ల కింద వంట, ముప్పై నలభై విస్తళ్లు. "సుందరమ్మ చెయ్యి వేరే" అనుకుంటూ తిని, సంక్రాంతి దాకా అదే చెప్పుకుంటారు. సుందరికి నగల పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు. ఏడాది మొత్తం మీద ఆమెకున్నది ఆ ఒక్క ఆదివారం.

రెండువేల నాలుగు జూన్‌లో సంహిత వచ్చింది.

సంహిత రంగనాయకమ్మ చిన్నకోడలు. ఆమె భర్త ముకుంద్ శవాలు కోసి పాఠం చెప్పే డాక్టరు. ఆరేళ్లు గ్రెనడా అనే దేశంలో మెడికల్ కాలేజీలో పనిచేసి, ఒప్పందం ముగిశాక ఇద్దరూ వచ్చి పైవాటాలో కాపురం పెట్టారు. వెస్టిండీస్ దీవుల్లో అదొక దీవి. దేశమంతా కలిపి లక్షమంది ఉంటారట. లక్షమందికి ఒక దేశమేమిటని సుందరికి మొదట్లోనే అనిపించింది.

సాయంత్రాలు ఆడవాళ్లు వాకిట్లో మెట్ల మీద చేరడం ఆ ఇంటి అలవాటు. మూడో మెట్టు సుందరిది. అక్కడ కూర్చుని కోనసీమ కబుర్లు చెబితే మిగతావాళ్లు కొత్తిమీర తుంచుకుంటూ వినేవాళ్లు. ఇప్పుడు సంహిత వచ్చి ఏ మెట్టు మీద కూర్చుంటే మెడలన్నీ ఆ మెట్టు వైపు తిరుగుతున్నాయి.

"అక్కడ దుకాణంలకు పోయినా, బస్సెక్కినా, అడుగు పెట్టంగనె అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాలె" అనేది సంహిత. "చెప్పకుంటే మర్యాద తెల్వని మనిషనుకుంటరు. బస్సుల ఉన్నోళ్లందరు మల్ల మనకు చెప్తరు."

"మన బస్సుల చెప్పి చూడు, కండక్టర్ దింపేస్తడు" అంది ముందువాటాలో జాకెట్లు కుట్టే రాజమణి. అందరూ నవ్వారు.

ఇంకోరోజు వాళ్ల ఆగస్టు పండుగ సంగతి చెప్పింది. పొద్దు పొడవకముందే ఆడా మగా ఒంటినిండా నల్లనూనె పూసుకొని, తలకు కొమ్ములు కట్టుకొని, గొలుసులు ఈడ్చుకుంటూ వీధుల్లోకి దుముకుతారట. ఆ వేషానికి జాబ్‌జాబ్ అని పేరట. బానిసలుగా ఉన్న కాలంలో దొరలు తమను దయ్యాలన్నారని, అవును దయ్యాలమే అని ఆ వేషం కట్టి దొరల్నే వెక్కిరించేవాళ్లట.

"మన పోతరాజు లెక్కనే ఉన్నరు గదనే" అని మురిసిపోయింది రంగనాయకమ్మ. "వాళ్లు నలుపు, మనోళ్లు పసుపు."

బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తే వణికి తలుపు వేసుకునే మనిషి, చూడని దేశపు దయ్యాలకు మురిసిపోతోందని సుందరికి ఒళ్లు మండింది. పెరట్లో జాజికాయ చెట్లుంటాయని సంహిత చెప్పిన రోజున, "మా అన్నయ్య వాళ్ల తోటలో మిరియం తీగ..." అని సుందరి అందుకుంది. ఎవరూ ఇటు తిరగలేదు. ఆ మిరియం తీగ సగంలోనే ఎండిపోయింది.

దీన్ని లోకం కుళ్లు అంటుంది. సుందరి మాత్రం తలనొప్పి అనుకుని అమృతాంజనం రాసుకుంది.

సెప్టెంబరులో పది పదిహేను రోజులు సంహిత మెట్ల మీదికి రాలేదు. పొద్దస్తమానం ఎస్టీడీ బూత్‌కు పోయి వస్తోంది. అక్కడేదో పెద్ద తుఫాను వచ్చిందట, ఇళ్ల కప్పులన్నీ లేచిపోయాయట అని రాజమణి చెప్పింది. "తుఫాన్లు మేం చూడనివా" అంది సుందరి. మూడో మెట్టు మళ్లీ తనదయినందుకు ఆ పదిహేను రోజులూ ఆమెకు హాయిగా ఉంది. ఆ హాయిలో ఇంకేమీ అడగాలని తోచలేదు.

కార్తీకం వచ్చింది. వనభోజనాలకు ఏం వండాలన్న మాట ఏటా సుందరి వాటా ముందే తేలేది. ఈసారి సంహిత నోరు తెరిచింది.

"అత్తమ్మా, ఈసారి నేనొకటి వండుతా. అక్కడ పది మంది కలిసినప్పుడు చేసుకునేదే. ఆయిల్‌డౌన్ అంటరు. ఆరుబయట మూడు రాళ్లు పెట్టి, డేగిసల చేస్తరు. ఇంటికొక వస్తువు తేవాలె. కొబ్బరికాయలొకరు, చేమాకు ఒకరు, గుమ్మడికాయ ఒకరు. వాళ్లు ఉప్పుచేప, మాంసం ఏస్తరు, మనం కార్తీకమాసం గదా, ఉత్త కూరగాయలతోనే చేద్దాం. డేగిసల పేర్చేది మాత్రం ఒక్క చెయ్యే. పేర్చి మూత పెట్టినంక కొబ్బరిపాలన్ని ఇగిరి, నూనె అడుగుకు దిగేదాక ఎవ్వరు కలపొద్దు."

"కలపకపోతే అడుగంటదూ?" అంది సుందరి.

"అంటుతది అక్కా. అంటాలె."

మళ్లీ అందరూ నవ్వారు. అందులో నవ్వేందుకు ఏముందో సుందరికి అర్థం కాలేదు. పదహారేళ్లు అడుగంటకుండా వండిన మనిషి ముందు, అంటాలె అనడం ఏం మర్యాద. ఆ దేశంలో బస్సెక్కితే గుడ్ మార్నింగులు చెబుతారట గానీ, పెద్దవాళ్ల ముందు ఎలా మాట్లాడాలో నేర్పినట్టు లేదని లోపల్లోపల అనుకుంది.

మర్నాడు సంహిత ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "సుందరక్కా, దానికి సీమపనస కావాలె. మొండా మార్కెట్ల గిట్ల మస్తు తిరిగిన, ఎవ్వరికి తెల్వదు. మీ దిక్కు ఉంటదని ముకుంద్ అన్నడు."

ఉంది. గింజల్లేని ఆ చిన్న పనస సుందరి పుట్టింటి గోడవార ఉంది. తొంభై ఆరు తుఫానులో అన్నయ్య కొబ్బరితోట మొత్తం నేలకొరిగితే నిలబడ్డది ఆ ఒక్క చెట్టే. లేదని చెబితే ఆ వంట అక్కడితో ఆగిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఊరంతా గాలించినా దొరకనిది నా దగ్గర ఉందని చెప్పుకునే అవకాశం మళ్లీ రాదు. "మా ఇంట్లో కాక ఎక్కడుంటుంది అమ్మాయ్" అంది. నాలుగో రోజుకల్లా అమలాపురం బస్సులో గోనెసంచి వచ్చింది. తన కాయ లేనిదే ఆ వంట లేదన్న సంగతి జనం గుర్తిస్తారని సుందరి నాలుగు రోజులు సంబరపడింది.

గుర్తించలేదు. వనభోజనాల పొద్దున అందరూ సంహిత చుట్టూనే మూగారు. సీమపనస ముక్కలు అడుగున పేర్చింది, వాటి మీద పచ్చి అరటికాయ, గుమ్మడి, క్యారెట్టు. మైదాపిండి వేళ్లంత పొడుగ్గా నలిపి ఆ వరుస మీద పెట్టింది. పసుపు కలిపిన కొబ్బరిపాలు బిందెడు పోసి, వాము ఆకు తుంచి వేసి, చేమాకులు దుప్పటిలా పైన కప్పి మూత పెట్టింది. అంతసేపూ రాజమణి పక్కన నిలబడి, "అబ్బ, ఎంత ఒద్దికగ పేరుస్తున్నవే" అంటూనే ఉంది.

సుందరి పంచెగుడ్డ విప్పి తెడ్డు పట్టుకుని వచ్చింది. పులిహోర అప్పటికే రాజమణి అక్కచెల్లెళ్లు కలిపేస్తున్నారు.

"పదహారేండ్ల సంది చేస్తనే ఉన్నవు సుందరీ, ఈసారన్న నిమ్మళంగ కూసో" అంది రంగనాయకమ్మ, నిజమైన ప్రేమతోనే. కుర్చీ కూడా వేయించింది. ఆ కుర్చీలో కూర్చుంటే సుందరికి పదవీ విరమణ సన్మానం జరిగినట్టనిపించింది. దండ ఒక్కటే తక్కువ.

గంట గడిచింది. ఉసిరిచెట్టు కింద పూజకు పిలుపొచ్చింది. అందరూ లేచారు. "పొయ్యి కాడ నేను కూర్చుంటాలే, మీరు వెళ్లండి" అంది సుందరి. సంహిత వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మూత మాత్రం తియ్యకుండ్రి అక్కా" అంది.

తియ్యకూడదనే సుందరి కూర్చుంది. పైన మూత సందుల్లోంచి ఆవిరి వస్తోంది. మంచి వాసన, అదే ఆమె బాధ. ఇది బాగా కుదిరితే ఇక ప్రతి కార్తీకం ఇదే. తన తెడ్డు బియ్యం డబ్బా వెనకే ఉండిపోతుంది. పదేళ్లు పోతే, వెనకటికి ఇక్కడ సుందరమ్మ అని ఒకావిడ ఉండేది అనుకునేవాళ్లు కూడా ఉండరు. ఆ పిల్లకేం తక్కువ? వయసుంది, దేశం చూసింది, నోరు తెరిస్తే వినడానికి వాకిలంతా ఉంది. తనకున్నది ఒక్కటే ఆదివారం, అది కూడా ఆ పిల్లకు కావలసి వచ్చింది.

చెంగుతో పట్టుకుని మూత తీసింది. ఆకుల దుప్పటి కింద ముక్కలన్నీ విడివిడిగా, పచ్చగా, చక్కగా ఉడికి ఉన్నాయి. పాలు దాదాపు ఇగిరాయి. అడుగు నుంచి సన్నగా చిటపటలు మొదలయ్యాయి. తెడ్డు దించి ఒక్క తిప్పు తిప్పింది. సీమపనస చిదిమిపోయింది. ఇంకో తిప్పుకు మైదా వేళ్లు తెగిపోయాయి. చెడగొట్టాలని పెట్టిన తెడ్డే. కానీ చెయ్యి ఊరుకోదు కదా. అడుగున ఏదో అంటుకుంటున్నట్టు తగలగానే, ఆ చెయ్యి తన అలవాటు కొద్దీ అడుగంతా ఒక్క మచ్చ మిగలకుండా గీరి, పైకి తెచ్చి కలిపింది. పూజ గంట ఆగేలోపు మూత పెట్టి, తెడ్డు కడిగి, కుర్చీలో కూర్చుంది.

సంహిత వచ్చి మూత తీసింది. కాసేపు అలాగే చూసింది. గరిటె పెట్టి వడ్డించడం మొదలుపెట్టింది.

విస్తరిలో పడ్డది పసుపుపచ్చని ముద్ద. రుచికి వంక లేదు గానీ చూడ్డానికి పథ్యంలా ఉంది. "ఏందే, గింత ముద్దగయ్యింది?" అన్నారు ఒకరు. "ఆ దేశంల పండ్లు లేనోళ్లు తింటరేమో" అన్నాడు ఎవరిదో మామగారు. "ఏదేమన్న సుందరమ్మ చెయ్యి పడాలె. లేకుంటే గిట్లనే అయితది" అంది రాజమణి, పొద్దున ఒద్దిక మెచ్చుకున్న అదే నోటితో. "వచ్చే ఏడు మల్ల మీరే చెయ్యాలె సుందరమ్మా."

ఎన్ని నెలలుగానో ఎదురుచూసిన మాట. సుందరి విస్తరి ముందు నిటారుగా కూర్చుంది. సంహిత కూడా అందరితోపాటు నవ్వుతోంది, తప్పు తనదే అన్నట్టు తల ఊపుతోంది. ఆ నవ్వు చూసి సుందరికి రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

భోజనాలయ్యాక జనం చాపల మీద నడుం వాల్చారు. సంహిత ఖాళీ డేగిసా ముందేసుకుని, చెంచా పట్టుకుని, అడుగు గీరుతోంది. ఏమీ రావడం లేదు. అయినా గీరుతోంది. సుందరి చూడనట్టు పోదామనుకుంది గానీ, గెలిచిన మనిషికి ఓడినవాళ్లను పలకరించే సరదా ఒకటుంటుంది. దగ్గరికి వెళ్లింది.

"పోనీలే అమ్మాయ్, మొదటిసారి కదా" అంది.

సంహిత తలెత్తలేదు. "ఎవరు కలిపిన్రో నాకు ఎర్కైంది అక్కా."

సుందరి చెంగు సర్దుకుంది. "ఎవరు?"

"అడుగు చూడండ్రి. ఒక్క మచ్చ లేదు, అద్దమోలె ఉన్నది. వేరేటోళ్లు కలిపితే సగం అంటి సగం ఊడేది. ముప్పై మంది వంట గిట్ల అంటకుంట తిప్పే చెయ్యి ఈ తోటల ఒక్కటే ఉన్నది."

పదహారేళ్లుగా వినాలని తపించిన మెప్పు అది. ఇంత సూటిగా ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. సుందరి డేగిసా పక్కన నేలమీద చతికిలబడింది.

"కుళ్లు పుట్టింది" అంది చివరికి. "నీ మీద కుళ్లు పుట్టి కలిపాను. నువ్వొచ్చిన రోజు నుంచీ ఉంది. అందరితో చెప్పుకో, నేను కాదనను."

"చెప్తే ఏమొస్తది." సంహిత చెంచా పక్కన పెట్టింది. "అక్కడ మా పక్కింట్ల మిస్ ఆగ్నెస్ అని ఒక ముసలామె ఉండేది. మా గల్లీల డేగిసా పేర్చేది ఆమెనే. పోయిన కొత్తల నాకు భాష రాదు, తిండి పడదు, దినాం ఏడుపే. మొదటిసారి ఆయిల్‌డౌన్ వండినప్పుడు మాంసం లేకుంట నాకు వేరే చిన్న గిన్నెల పేర్చింది. నేనేమొ అడుగంటుతదని మూత తీసి కలిపిన, అచ్చం మీ లెక్కనే. ఆమె నవ్వి, మల్ల రెండోసారి వండి, అడుగు మాడుచెక్క గీకి నా చేతుల పెట్టింది. ఇది ఇంటోళ్లకు పెట్టేది, నువ్వు ఇంటిదానివే అన్నది. ఆరేండ్లు ప్రతిసారి నాకని గీకి ఉంచేది."

సుందరి డేగిసా అడుగు వైపు చూసింది.

"తుఫాన్‌ల ఆమె ఇంటి కప్పు పోయిందని కాలేజీ వాళ్లు చెప్పిన్రు. ఆమె ఎక్కడున్నదో ఎవ్వరికి తెల్వదు. రెండు నెలలైంది. ఫోన్ కలుస్తలేదు. వండిందంత మీరందరు తినుండ్రి, నాకు ఆ మాడుచెక్క ఒక్కటి దొరికితే చాలనుకున్న. గందుకే వండిన."

తొంభై ఆరులో కోనసీమ తుఫాను వచ్చినప్పుడు సుందరికి అన్నయ్య కబురు తొమ్మిది రోజులు తెలియలేదు. ఆ తొమ్మిది రోజులూ వాకిట్లో మెట్ల మీదే కూర్చుంది. రంగనాయకమ్మ పెరుగన్నం కలిపి నోట్లో పెడితే తప్ప మెతుకు దిగలేదు. ఈ పిల్ల పదిహేను రోజులు బూత్ చుట్టూ తిరుగుతుంటే, తను మాత్రం మూడో మెట్టు ఖాళీ అయిందని సంబరపడింది. ఇప్పుడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది కూడా ఆ పిల్ల మాడుచెక్కనే. సుందరికి తన మీద తనకే రోత పుట్టింది. సంహిత చెయ్యి పట్టుకుందామని చూసింది గానీ చెయ్యి ముందుకు రాలేదు.

ఇంటికొచ్చాక సుందరి అన్నయ్యకు ఫోన్ చేసి ఇంకో రెండు సీమపనసలు పంపించమంది. మళ్లీ ఆదివారం పొద్దున తన వంటింట్లో, తన డేగిసాలో, సంహిత పేర్చిన వరుసే గుర్తు పెట్టుకుని పేర్చింది. మూత పెట్టింది. తెడ్డు మాత్రం గుడ్డలోంచి తియ్యలేదు.

గంట దాటాక చిటపటలు మొదలయ్యాయి. సుందరి పొయ్యి ముందు నిలబడింది. కుడిచెయ్యి దానంతట అదే గరిటెల వైపు పోయింది. లాక్కుంది. మళ్లీ పోయింది. ఇలా కాదని కొంగు తీసి చేతికి చుట్టుకుని, ఆ చెయ్యిని చంకలో బిగించింది. ముందు కమ్మటి వాసన, ఆ తర్వాత వేగిన వాసన, ఆ తర్వాత పద్దెనిమిదేళ్లలో ఆ వంటింట్లో ఎన్నడూ పుట్టని వాసన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీరరాఘవరావు పేపరు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటే, మాడుతోంది. నీకు ఒంట్లో బావుందా?"

"మాడనివ్వండి" అంది సుందరి. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, భార్య ముఖం, పొయ్యి, మళ్లీ భార్య ముఖం చూసి, పేపరు దగ్గరికి వెళ్లిపోయాడు.

వాకిట్లోకి కూడా వాసన కొట్టింది. "ఎవరింట్ల మాడింది?" అని రాజమణి కేకేసింది. "మా ఇంట్లోనే" అని అందరికీ వినపడేలా చెప్పింది సుందరి. ముద్ద భాగం అంతా తీసి పక్కన పెట్టి, అడుగు గీకి, ఆ నల్లని ఎర్రని పెచ్చుల్ని గిన్నెలో వేసుకుని, రాజమణి ముక్కుమీద వేలేసుకుని చూస్తుండగానే మెట్లెక్కి పైవాటాకు వెళ్లింది.

గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి అడుగుపెడుతూ, కాస్త సిగ్గుపడుతూనే, "గుడ్ మార్నింగ్" అంది.

సంహిత గిన్నె వైపు చూసింది. తర్వాత నేలమీద కూర్చుని, ఒక పెచ్చు తీసి రెండుగా విరిచి, ఒక ముక్క సుందరికిచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మాడింది తినడం సుందరికి అదే మొదలు. చేదుగా, నూనెగా, వెనక ఎక్కడో తియ్యగా ఉంది. ఇద్దరూ నమిలారు. సంహిత కళ్లు తుడుచుకుని రెండో పెచ్చు తీసుకుంది.

"ఎలా ఉంది?" అంది సుందరి, ఉండబట్టలేక.

"ఇంకా జర మాడాలె అక్కా."

ఆ మాట సుందరికి చురుక్కుమంది. కిందికి దిగుతూ, వచ్చే ఆదివారం ఇంకో పావుగంట ఎక్కువ ఉంచాలనుకుంది.